గీత ఢిల్లీది, నేల మనది

రెండు కుర్చీల్లోనూ మన జిల్లా వాళ్లే

1959లో పార్లమెంటు ముందుకు ఒక సరిహద్దుల బిల్లు వచ్చింది. ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాలు కొన్ని ఊళ్లను ఇచ్చిపుచ్చుకోవడానికి తెచ్చిన బిల్లు అది. అందులో ముఖ్యమైనది చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకా. అప్పటికి లోక్‌సభ స్పీకరు తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. రాజ్యసభ అధ్యక్షుడు ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టింది ఆ తిరుత్తణిలోనే. చిన్నప్పుడు కొన్నేళ్లు తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నారు కూడా. ఒక జిల్లా నేలను విడదీసే బిల్లు రెండు సభలు దాటింది. ఆ రెండు సభల పెద్దలూ ఆ నేల మీద పుట్టినవాళ్లే.

సభను నడిపే మనిషికి మామూలుగా ఓటు ఉండదు. ఓట్లు సరిసమానంగా చీలినప్పుడే ఆయన ఓటు వేయాలని రాజ్యాంగం 100వ అధికరణం చెబుతుంది. సొంత ఊరి సంగతి వచ్చినా పక్షం వహించకుండా అందరి మాటా వినడమే ఆ కుర్చీ ధర్మం. తన పుట్టినూరు జిల్లా దాటి, రాష్ట్రం దాటి వెళ్లిపోయే బిల్లు తన సభలోనే నడిచిందన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కదులుతుంది.

చిత్తూరు వకీలు

అయ్యంగారు 1891లో పుట్టారు. చిత్తూరులో వకీలుగా పేరు తెచ్చుకున్నారు. 1934లో కేంద్ర శాసనసభకు వెళ్లారు, తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. 1950లో పార్లమెంటు తొలి అంచనాల కమిటీ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. సర్కారు ఖర్చును పద్దు పద్దునా తరచి చూసే పని ఆ కమిటీది. తొలి స్పీకరు మావలంకర్ కన్నుమూశాక 1956 మార్చిలో స్పీకరయ్యారు. ఆంధ్రప్రదేశ్‌కు రూపమిచ్చిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ బిల్లు ఆ ఏడాదే వచ్చింది. అంటే ఆంధ్రప్రదేశ్‌ను కూర్చిన చట్టమూ, దాని నుంచి తిరుత్తణిని వేరు చేసిన చట్టమూ ఆయన స్పీకరుగా ఉన్న రోజుల్లోవే.

వరుసలో ఆఖరి పేరు

1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం కొత్త రాష్ట్రంలోకి వచ్చే పదకొండు జిల్లాలను పేరుపేరునా రాసింది. శ్రీకాకుళంతో మొదలుపెట్టి కోస్తా వెంట దిగి, కర్నూలు, అనంతపురం, కడప మీదుగా చిత్తూరు దగ్గర ఆగింది. వాటికి తోడు బళ్లారి జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు. ‘చిత్తూరు’ అన్న ఒక్క మాటతో తిరుపతి, తిరుత్తణి, నగరి, కుప్పం అన్నీ ఆంధ్రలోకి వచ్చేశాయి. చట్టంలో ఒక్క పదం ఎంత బరువు మోస్తుందో మా జిల్లా వాళ్లకు అనుభవం మీద తెలుసు. తిరుపతి కొండే తమిళనాటికి ఉత్తరపు హద్దు అని మా.పొ. శివజ్ఞానం వంటి తమిళ నాయకులు ఉద్యమించారు. ఆ ఆందోళన చల్లారడానికి ఏళ్లు పట్టింది.

రెండు రాష్ట్రాల మధ్య తగవు తీర్చడానికి కూర్చున్న మధ్యవర్తి హరి వినాయక్ పటాస్కర్. తాలూకా మొత్తాన్ని కాకుండా గ్రామాన్ని కొలతగా తీసుకున్నారు: ఏ ఊళ్లో ఏ భాష వాళ్లు ఎక్కువ, ఆ ఊరు ఏ రాష్ట్రానికి ఆనుకుని ఉంది. ఇది వినడానికి తేలిక. మా సరిహద్దు ఊళ్లలో ఒకే ఇంట్లో అత్త తమిళం, కోడలు తెలుగు మాట్లాడతారు. అంగట్లో రెండు భాషలూ ఒకే వాక్యంలో కలిసిపోతాయి. అలాంటి చోట లెక్క తీయడం ఎంత కష్టమో ఊహించండి. పటాస్కర్ పద్ధతి ఆ తర్వాత దేశంలో మిగతా సరిహద్దు తగాదాల్లోనూ ఉదాహరణగా నిలిచింది.

మనం ఇచ్చింది తిరుత్తణి. మనకు వచ్చినవాటిలో ముఖ్యమైనది చెంగల్పట్టు జిల్లా నుంచి సత్యవేడు ప్రాంతం. ఈనాడు శ్రీసిటీ ఫ్యాక్టరీలకు చోటిచ్చింది ఆ వైపు నేలే. ఆ చట్టం 1960 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. చిత్తూరు జిల్లా పుట్టింది కూడా ఏప్రిల్ 1నే, 1911లో. సరిగ్గా 49 ఏళ్లు నిండిన రోజున జిల్లా రూపం మారింది.

జిల్లా కన్నా ముందే జిల్లా కేంద్రం

1911 వరకు చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్య పట్టణం. దానికి తన పేరుతో జిల్లా వచ్చాక ఉత్తర ఆర్కాటు కచేరీలు వేలూరుకు తరలాయి. అప్పుడు కడప జిల్లా నుంచి మదనపల్లె వైపు తాలూకాలు వచ్చి కలిశాయి. మా జిల్లాలో మూడు రకాల తెలుగు వినిపించడానికి అదొక కారణం.

అడగాలి, వినాలి, కానీ కట్టుబడనక్కర్లేదు

రాష్ట్రం హద్దులు మార్చాలన్నా, కొత్త రాష్ట్రం ఏర్పరచాలన్నా రాజ్యాంగం 3వ అధికరణమే దారి. రాష్ట్రపతి సిఫారసు లేనిదే బిల్లు పెట్టకూడదు. సంబంధిత రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి. మొదట్లో ఆ అభిప్రాయానికి గడువు అన్నది లేదు. సభ మౌనంగా ఉండిపోతే బిల్లు అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉండేది. 1955లో అయిదో సవరణ తెచ్చి, ఇన్ని రోజుల్లోగా చెప్పండి అని రాష్ట్రపతి గడువు పెట్టవచ్చన్నారు. ఆ సవరణ బలం ఏమిటో 2014లో మనకు తెలిసింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

సుప్రీంకోర్టు 1959లో బాబూలాల్ పరాటే కేసులో మరో మాట తేల్చింది. రాష్ట్ర సభ చెప్పిన అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడాల్సిన పని లేదు, బిల్లులో సవరణ వచ్చిన ప్రతిసారీ మళ్లీ అడగాల్సిన పనీ లేదు. ఇలాంటి చట్టానికి మామూలు మెజారిటీ చాలని 4వ అధికరణం ముందే చెప్పింది.

రాజ్యసభ అన్న పేరు లేని రోజుల్లో

పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహార దీక్ష తర్వాత 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. కొత్త రాష్ట్రపు ఆర్థిక చిక్కులు పరిశీలించే పని జస్టిస్ వాంఛూకు అప్పగించారు. ముసాయిదా బిల్లు మద్రాసు శాసనసభకు వెళ్లింది. రాజాజీ అప్పుడు ముఖ్యమంత్రి. బిల్లు ఢిల్లీలో చర్చకు వచ్చేనాటికి లోక్‌సభ, రాజ్యసభ అన్న పేర్లు ఇంకా పెట్టలేదు. ఆ పేర్లు 1954లో వచ్చాయి. ఆంధ్రులకు రాష్ట్రం ఇచ్చింది ‘హౌస్ ఆఫ్ ది పీపుల్’, ‘కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్’ అన్న సభలు. రాష్ట్రపతి సంతకం 1953 సెప్టెంబరు 14న. రాష్ట్రం అక్టోబరు 1న. మధ్యలో పదిహేడు రోజులు.

కొత్త శాసనసభకు ఎన్నికలు జరగలేదు. 1952లో మద్రాసు సభకు గెలిచిన మన ప్రాంతం వాళ్లు 140 మంది అలాగే ఆంధ్ర శాసనసభ్యులయ్యారు. చిత్తూరు సభ్యులు మద్రాసు మెట్లు దిగి కొత్త రాజధాని కర్నూలు డేరాల దగ్గరికి వచ్చారు. డేరాలు అంటే నిజంగా డేరాలే. కార్యాలయాలకు భవనాలు చాలక గుడ్డ కప్పు కింద రాష్ట్రం నడిచింది.

ఏడాది తిరిగేసరికి, 1954 నవంబరులో తొలి ముఖ్యమంత్రి ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. అంత ప్రాణత్యాగం మీద దక్కిన శాసనాధికారం తాత్కాలికంగా మళ్లీ ఢిల్లీ చేతికే వెళ్లింది. తర్వాతి ప్రభుత్వం 1955 మార్చి చివర వచ్చింది.

ఆ ఏడాదిలో మిగిలిన మంచి పని

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. 1954 సెప్టెంబరు 2న మొదలైంది. తొలి ఉపకులపతి ఎస్. గోవిందరాజులు నాయుడు. దాని వెనక 1937 నాటి మాట ఉంది. ఆ ఏడాది నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందం చేసుకున్నారు. సీమకు చదువుల కేంద్రం, నీళ్లలో ముందు హక్కు, రాజధాని లేదా హైకోర్టు అన్నవి అందులోని అంశాలు. శ్రీబాగ్ ఒడంబడిక ఏ చట్టంలోనూ క్లాజుగా ఎక్కలేదు. అది పెద్దమనుషుల మాట. చదువు మాట తిరుపతిలో నిలబడింది. నీళ్ల మాట గురించి సీమ రైతు ఇవాళ్టికీ అడుగుతూనే ఉన్నాడు. తుంగభద్ర బోర్డు నిలబడటానికి మాత్రం మాట కాదు, 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టంలోని 66వ సెక్షన్ ఆధారం.

‘డెవల్యూషన్’ అన్న మాట మన దగ్గరికి ఎప్పుడు వచ్చింది?

1919 భారత ప్రభుత్వ చట్టంతో. పైనుంచి కిందికి అధికారం బదలాయించే ఆ చట్టాన్ని బ్రిటిష్ పార్లమెంటు రెండు సభల ఉమ్మడి కమిటీ కూర్చుని పరిశీలించింది. లార్డ్ సెల్బోర్న్ దాని అధ్యక్షుడు. ఆ కమిటీ ముందు బ్రాహ్మణేతరుల తరఫున సాక్ష్యం చెప్పడానికి వెళ్లిన టి.ఎం. నాయర్ 1919 జూలైలో లండన్‌లోనే చనిపోయారు, సాక్ష్యం చెప్పకుండానే. చట్టం వచ్చాక దాని కింద రాసిన నియమాల పేరే ‘డెవల్యూషన్ రూల్స్’. విద్య, ఆరోగ్యం, స్థానిక స్వపరిపాలన వంటివి మంత్రులకు అప్పగించారు. పోలీసు, భూమి శిస్తు వంటివి గవర్నరు చేతిలో ఉంచారు.

ఆ అప్పగించిన శాఖలను మద్రాసులో అందరికన్నా ఎక్కువ కాలం నడిపిన ‘ఫస్ట్ మినిస్టర్’ (ముఖ్యమంత్రి లాంటి పదవి) పానగల్ రాజా, 1921 నుంచి 1926 దాకా. ఆయన పుట్టిన ఊరు శ్రీకాళహస్తి. దేవాలయాల ఆస్తులపై ప్రభుత్వ పర్యవేక్షణ తెచ్చిన హిందూ ధర్మాదాయ చట్టం ఆయన హయాంలోనే రూపు దిద్దుకుంది. దాని వెనకే తిరుమలకు ప్రత్యేక చట్టం వచ్చింది. 1843లో ఈస్టిండియా కంపెనీ హాథీరాంజీ మఠానికి అప్పగించిన ఆలయ పాలన 1932 నాటి తిరుమల తిరుపతి దేవస్థానముల చట్టంతో మహంతుల చేతి నుంచి కమిటీకి, కమిషనరుకు మారింది. దేవస్థానం అన్న మాట వెనక లండన్‌లో కూర్చున్న కమిటీ కాగితాలు కూడా ఉన్నాయన్నది కొండెక్కేవాళ్లలో చాలామందికి కొత్త సంగతే.

ఎస్వీయూ లోకల్

ఇంటర్ అయిన పిల్లల నోట ‘ఎస్వీయూ ఏరియా’, ‘ఏయూ ఏరియా’ అన్న మాటలు విని ఉంటారు. ఎస్వీయూ అంటే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఏయూ అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఆ మాటల మూలం రాజ్యాంగమే. ప్రాంతాల మధ్య చదువు, ఉద్యోగాల తగవులు తీర్చడానికి 1973 సెప్టెంబరులో కుదిరిన ఆరు సూత్రాల పథకం కోసం పార్లమెంటు 32వ సవరణ చేసి 371-డి అధికరణం చేర్చింది. విచిత్రమేమంటే ఏ జిల్లా ఏ ఏరియాలోకి వస్తుంది, స్థానికులకు ఎంత శాతం అన్న వివరాలు ఆ సవరణలో లేవు. ఉత్తర్వు ఇచ్చే అధికారం రాష్ట్రపతికి ఇచ్చి సభ ఊరుకుంది. పిల్లల సీట్లను తేల్చే 85 శాతం నియమం 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఉంది.

ఆ ఉత్తర్వులో నెల్లూరు జిల్లా ఎస్వీయూ ఏరియాలో, చిత్తూరుతో కలిసి ఉంది. 1975 నాటి ఉద్యోగాల ఉత్తర్వులో అదే నెల్లూరు మూడో జోన్‌లో గుంటూరు, ప్రకాశం జిల్లాలతో ఉంది. చిత్తూరు నాలుగో జోన్‌లో. అంటే నెల్లూరు పిల్లవాడు చదువుకు మనతో, కొలువుకు గుంటూరుతో. ఇలాంటివి బిల్లులో ఉంటే సభలో ఎవరో ఒకరు లేచి అడిగేవారు. ఉత్తర్వుకు ఆ అవకాశం తక్కువ. చట్టం చదివేటప్పుడు సెక్షన్లు మాత్రమే చూసి పక్కన పెట్టకుండా, వాటి కింద వచ్చే ఉత్తర్వులు కూడా చదవాలని నేను పిల్లల తల్లిదండ్రులకు చెబుతుంటాను.

2014: బిల్లు ముందు ఇద్దరు చిత్తూరు వాళ్లు

తెలంగాణను వేరు చేసే ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు 2013 డిసెంబరులో హైదరాబాదు శాసనసభకు వచ్చినప్పుడు ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి, పీలేరు శాసనసభ్యుడు. ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు, కుప్పం శాసనసభ్యుడు, నారావారిపల్లె మనిషి. పాలక పక్షం, ప్రతిపక్షం రెండిటి ముందు వరుసలోనూ చిత్తూరు జిల్లానే.

గడువు మొదట జనవరి 23. తర్వాత ఒక వారం పొడిగించారు. సభ్యులు తొమ్మిది వేలకు పైగా సవరణలు ఇచ్చారు. జనవరి 30న, గడువు ఆఖరి రోజున, బిల్లును తిరస్కరిస్తూ ముఖ్యమంత్రి పెట్టిన తీర్మానాన్ని మూజువాణి ఓటుతో ఆమోదించారు. పరాటే తీర్పు గుర్తుందా? ఆ తిరస్కారం ఢిల్లీని ఆపలేదు.

ఫిబ్రవరి 13న లోక్‌సభలో బిల్లు పెట్టారు. ఆ రోజే సభలో ఒక సభ్యుడు మిరియాల స్ప్రే చల్లారు. 18న బిల్లు పాసయింది. ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది, తమ రాష్ట్రం గురించి ఏం జరుగుతోందో కోట్ల మంది తెలుగువాళ్లు చూడలేకపోయారు. 19న కిరణ్‌కుమార్ రెడ్డి రాజీనామా చేశారు. 20న రాజ్యసభ ఆమోదించింది. ఏ పార్లమెంటరీ కమిటీకీ బిల్లును పంపలేదు. 1956లో దేశమంతటి పటం మార్చిన బిల్లును రెండు సభల సంయుక్త కమిటీ ముందు పెట్టి, క్లాజు క్లాజునా చూశారు. 2014లో అలా చూసి ఉంటే ఏమయ్యేదన్నది విభజన కావాలా వద్దా అన్న ప్రశ్నకు పూర్తిగా వేరు. కావాలన్నవాళ్లకూ వద్దన్నవాళ్లకూ ఆ పరిశీలన దక్కాల్సింది. ఇది నా గట్టి అభిప్రాయం.

రాసింది, చెప్పింది

రాజ్యసభలో ఆ రోజు ప్రధాని మన్మోహన్ సింగ్ ఆరు అంశాల ప్రకటన చేశారు. అయిదేళ్ల ప్రత్యేక హోదా అందులోదే. వెంకయ్య నాయుడు పదేళ్లు కావాలన్నారు. కానీ బిల్లు పాఠంలోకి ఆ మాట ఎక్కలేదు. రాజ్యసభ ఒక్క అక్షరం మార్చినా బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి. ఆ లోక్‌సభకు మిగిలింది ఇక ఒక్క రోజు, ఫిబ్రవరి 21. హోదా రాలేదు. 2016లో దాని బదులు ప్యాకేజీ ప్రకటించారు.

ఇప్పుడు చట్టంలో రాసినవి చూడండి. పదమూడో షెడ్యూలులో ఐఐటీ, ఐసర్ వంటి సంస్థలు ఉన్నాయి, ఏ ఊళ్లో అని లేదు. రెండూ తిరుపతికి వచ్చాయి, రెండిటిలోనూ 2015లో తరగతులు మొదలయ్యాయి. తిరుపతి పేరు నేరుగా ఉన్నది విమానాశ్రయాల వాక్యంలో. విశాఖ, విజయవాడ, తిరుపతి విమానాశ్రయాలను అంతర్జాతీయ స్థాయికి పెంచే వీలును ఆరు నెలల్లోగా పరిశీలించాలని రాశారు. రేణిగుంట దగ్గర కొత్త ‘గరుడ’ టెర్మినల్ 2015 అక్టోబరులో తెరిచారు. ‘చేయాలి’ అని రాసినదానికీ, ‘వీలు పరిశీలించాలి’ అని రాసినదానికీ తేడా ఎంతో కడప ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఎదురుచూసిన వాళ్లు చెబుతారు. అది కూడా ఆ షెడ్యూలులోనే, పరిశీలించాలి అన్న మాటతోనే ఉంది.

ఐఐటీకి తిరుపతి పేరు చట్టంలో చేరింది 2016లో, పార్లమెంటు టెక్నాలజీ సంస్థల చట్టాన్ని సవరించినప్పుడు.

ఒక్క సవరణ, ఇరవై ఏళ్లు

బిల్లులో ఒక్క మాట ఎంత దూరం లాగుతుందో స్కాట్లాండు కథ కూడా చెబుతుంది. స్కాట్లాండుకు సొంత సభ ఇచ్చే బిల్లు లండన్‌లో చర్చకు వచ్చినప్పుడు, 1978లో జార్జ్ కనింగ్‌హామ్ అనే అధికార పక్ష సభ్యుడు ఒక సవరణ పెట్టి నెగ్గించారు. ప్రజాభిప్రాయ సేకరణలో అవునన్నవాళ్లు మొత్తం ఓటర్లలో 40 శాతం ఉండాలన్నది ఆ సవరణ. 1979లో ఓటేసినవాళ్లలో 51.6 శాతం అవునన్నారు. మొత్తం ఓటర్లతో లెక్కిస్తే అది 32.9 శాతమే అయింది. పథకం ఆగింది. స్కాట్లాండు పార్లమెంటు 1999లో గానీ రాలేదు. మన 3వ అధికరణంలో ప్రజాభిప్రాయ సేకరణ అన్నదే లేదు.

స్కాట్లాండు సభ అంగీకారం లేకుండా దాని పరిధిలోని అంశాలపై మామూలుగా చట్టం చేయబోమని లండన్‌లో ఒక సంప్రదాయం ఉంది. దాన్ని కోర్టు ద్వారా అమలు చేయించలేమని అక్కడి సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. పరాటే తీర్పు చదివిన మనకు ఆ మాట కొత్త కాదు.

వద్దన్నా, కావాలన్నా

శాసనమండలి ఉండాలా వద్దా అన్నది కూడా పార్లమెంటు చేతిలోదే. రాష్ట్రం తీర్మానం పంపాలి, ఢిల్లీ చట్టం చేయాలి. మన మండలి 1958లో వచ్చింది, 1985లో పోయింది, 2007లో తిరిగి వచ్చింది. 2020 జనవరిలో మళ్లీ రద్దు తీర్మానం పంపారు. పార్లమెంటు దాన్ని చేపట్టక ముందే 2021 నవంబరులో రాష్ట్రమే వెనక్కి తీసుకుంది.

ఆడికృత్తిక

రాష్ట్రం మారినా తిరుత్తణి మురుగన్ మా వాళ్లకు పరాయి దేవుడు కాలేదు. ఆడికృత్తికకు చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు నుంచి కావళ్లు మోసుకుని ఇవాళ్టికీ వెళతారు. పసుపు బట్టలు, నెమలి ఈకలు, దారి పొడవునా అరోహరా. రాష్ట్ర సరిహద్దు బోర్డు దాటినట్టు ఎవరికీ గుర్తుండదు.

జిల్లాకు పార్లమెంటు అక్కర్లేదు

రాష్ట్రం గీత మార్చాలంటే ఢిల్లీ కావాలి. జిల్లా గీతకు రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ చాలు, 1974 నాటి జిల్లాల చట్టం ప్రకారం. 2022 జనవరిలో ముసాయిదా ఇచ్చి, అభ్యంతరాలకు ముప్పై రోజులు గడువు పెట్టారు. ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చింది. తిరుచానూరూ, శ్రీకాళహస్తీ, సత్యవేడూ అందులోకి వెళ్లాయి. ముసాయిదాలో దాని పేరు శ్రీ బాలాజీ జిల్లా. తుది ప్రకటనలో తిరుపతి జిల్లా.